రూక భోజనం, అంబలి: ఓరుగల్లు రుచిని చదివే పద్ధతి

కాకతీయుల నాటి ఓరుగల్లులో జనం ఏమి తిన్నారన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా సాహిత్య విమర్శకులూ చరిత్రకారులూ ఒకే పద్యం దగ్గరికి వస్తారు. అది క్రీడాభిరామంలోని పూటకూటి భోజన పద్యం. కప్పురభోగి బియ్యపు అన్నం, కమ్మని గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇవన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరుకుతాయని ఆ పద్యం చెబుతుంది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో క్రీడాభిరామాన్ని విరివిగా వాడుకున్న నాటినుండి ఈ గ్రంథం ఓరుగల్లు జీవితానికి ప్రథమ సాక్షిగా నిలిచింది. రాజుల వంశావళి కాక ప్రజల తిండీ బట్టా ఆటా పాటా చరిత్ర అని చూపడానికి ప్రతాపరెడ్డి చేసిన ఆ పని గొప్పది. అయితే ఆయన తెరచిన దారిలో తరువాత నడిచినవారు పద్యంలోని వంటకాల పేర్లను ఏరుకొని, పద్యాన్ని మాత్రం అక్కడే వదలి వచ్చారు. పేర్ల పట్టిక మిగిలింది. ఆ పట్టిక ఎవరి నోటిది అన్న ప్రశ్న మిగలలేదు.

రుచి వస్తువులో ఉండే గుణం మాత్రమే కాదు. ఒకరు మరొకరి ఎదుట చేసే నిర్ణయం. కావ్యంలో భోజనం వర్ణితమైనప్పుడు అక్కడ కొనేవాడున్నాడా, పెట్టేవాడున్నాడా, గతిలేక తినేవాడున్నాడా అన్నది పద్యం నిర్మాణంలోనే, ముఖ్యంగా దాని క్రియల్లో, తెలిసిపోతుంది. పూటకూటి పద్యాన్ని ఈ దృష్టితో చదివితే మొదట తట్టే విషయం అందులో తినేవాడు లేకపోవడం. పద్యమంతా నామపదాల వరుస. ఒక్కొక్క వస్తువుకూ ఒక విశేషణమో ఒక కొలతో తగిలించి, చివర ఇల్లు చెప్పి, వెల చెప్పి ముగించడం దాని పద్ధతి. గుప్పెడు, నాలుగైదు వంటి కొలతలు కవితాలంకారాలు కావు. అవి బేరానికి సంబంధించిన మాటలు. రూకకు ఇంత వస్తుందని నగరం తెలిసినవాడు నగరానికి వచ్చినవాడికి చెప్పే తీరు అది. నోరూరించే శక్తి ఆ పద్యానికి తప్పక ఉన్నది. కాని ఆ శక్తి నాలుక మీది అనుభవం నుండి రాలేదు. ఇంత తక్కువకు ఇంత దొరుకుతుందన్న నగర విస్మయం నుండి వచ్చింది.

క్రీడాభిరామం స్వభావమే ఇది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం ఆధారంగా వెలసిన ఈ వీథినాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒకరోజు ఓరుగల్లు వీథుల్లో తిరుగుతారు. ఏకవీర గుడి, పలనాటి వీరకథ పాడే స్త్రీ, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, మాచల్దేవి చిత్రశాల వారికి దర్శనీయాలు. భోజనం కూడా ఆ దర్శనీయాలలో ఒకటి. నాటకం చూపే కాలం ప్రతాపరుద్రునిది. రచన జరిగింది మాత్రం 1323లో కాకతీయ రాజ్యం కూలిన తరువాత. అంటే, పూటకూటి పద్యం ఓరుగల్లు వంటింట్లో కూర్చుని రాసినది కాకపోవచ్చు. పోయిన రాజధానిని తలచుకొనే తరం, ఆ నగరంలో అన్నీ దొరికేవని చెప్పుకొనే మాట అందులో ఉండవచ్చు. అన్నీ దొరికే చోటు అన్నది నష్టపోయిన నగరాల గురించి ఎక్కడైనా వినబడే మాటే.

అన్నీ దొరకడం వెనుక వర్తకం ఉన్నది. గోధుమ తెలుగు నేలలో ప్రధాన ధాన్యం కాదు. పంచదార బెల్లంలా ప్రతి ఊరిలో గానుగ పక్కన తయారయ్యే సరుకూ కాదు. రూకతో కొన్న విస్తరిలో ఈ రెండూ ఉండటం యాదృచ్ఛికం కాదు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ ప్రకటించి సుంకాలు నిర్ణయించింది. చందనం, కర్పూరం, పట్టు, ముత్యాలతో పాటు మిరియాలు, పోకలు ఆ సుంకాల పట్టికలో కనిపిస్తాయి. రేవులో కొలిచి సుంకం కట్టిన సరుకు రాజధాని వీథిలో భోగమవుతుంది. పూటకూటి విస్తరిని ఓరుగల్లు మట్టి రుచిగా పొగిడేవారు గమనించవలసినది ఇదే. ఆ పద్యం మట్టి కంటె బజారును ఎక్కువగా చూపుతుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట అవసరం. నేడు వరంగల్లు రుచి అంటే కారం. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు వచ్చే ఎర్రని మిరప రాశులు ఈ ప్రాంతపు గుర్తుగా మారాయి. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. కాని మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరిగిన ఓరుగల్లులో ఈ కారం లేదు. మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు నౌకల తరువాతగాని ఈ దేశానికి రాలేదు. నాటి ఘాటు మిరియానిది, అల్లానిది, ఆవాలది. టమాట, వేరుశనగ కూడా ఆ వంటింట ఉండే అవకాశం లేదు. ప్రాచీన కావ్యంలో నేటి స్థానిక రుచికి మూలం వెదకే పరిశోధన, నాలుగైదు శతాబ్దాల క్రితం సముద్రం దాటి వచ్చిన పంటను అనాదిగా మనదని భావించి బయలుదేరుతున్నది. ఖిలా వరంగల్ కీర్తితోరణాల నడుమ నిలబడి కాకతీయుల భోజనం ఊహించుకొనేవారికి ఈ కారంలేని విస్తరి కొంత నిరాశ కలిగించవచ్చు.

క్రీడాభిరామ కర్తృత్వ వివాదం రుచి చర్చతో ముడిపడి ఉన్నది. గ్రంథం వినుకొండ వల్లభరాయని పేర ఉన్నా, శ్రీనాథుని రచన అని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాదించారు. భాష, శైలి, పద్య సామ్యాల మీద నడిచిన ఆ వాదం తనకు తానుగా విలువైనది. దానికి తోకగా వచ్చిన ఒక అనుకూల భావన మాత్రం పరీక్షకు నిలవదు. భోజనప్రియత్వం శ్రీనాథుని స్వభావం కనుక ఈ భోజన పద్యం ఆయనదే అయి ఉంటుందన్నదే ఆ భావన. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న తిండి చాటువులను పూటకూటి పద్యం పక్కన పెట్టి చూస్తే, రెండు చోట్లా తిండి ఉన్నదేగాని రుచి నిర్ణయం జరిగే తీరు ఒకటి కాదు.

కన్నడ రాజ్యలక్ష్మిని సంబోధించే ప్రసిద్ధ చాటువును తీసుకోవచ్చు. తలకు కుల్లాయి, ఒంటికి కోక, పైన పెద్ద అంగీ. విశ్వస్త వడ్డించగా వెల్లుల్లి, నువ్వులపిండి తిన్నాననీ, మజ్జిగ అంబలి తాగాననీ, రుచులు దోషమని వదిలివేశాననీ కవి మొరపెట్టుకుంటాడు. పద్యంలో ఉత్తమ పురుష భూతకాల క్రియలు ఆరు. మూడు వేషానివి, మూడు తిండివి. ఈ సమాన విభజన గమనించదగినది. పరాయి కొలువులో ఉడుపు మార్చుకోవడమూ కూడు మార్చుకోవడమూ కవికి ఒకే జాతి అవమానాలు. బట్ట శరీరం పైన, తిండి శరీరం లోపల. రెండింటినీ అప్పగించిన తరువాత అతని దగ్గర మిగిలినది పేరొక్కటే. అందుకే పద్యం తన పేరు చెప్పుకోవడంతో ముగుస్తుంది. పూటకూటి పద్యం ముగిసేది వెల దగ్గర. ఈ చాటువు ముగిసేది పేరు దగ్గర. ఒకచోట నాణెం ఉన్నవాడికి తన పేరుతో పని లేదు. మరొకచోట నాణెం కోసం వచ్చినవాడికి పేరు తప్ప ఆధారం లేదు.

రుచులు దోషమని వదిలాననడంలో ఉన్న వ్యంగ్యం సాధారణంగా వ్యాఖ్యాతల దృష్టికి రాదు. ఇంద్రియ నిగ్రహం కోసం రుచిని విడవడం యతి ధర్మం. రుచి బంధమన్నది వైరాగ్య పరిభాష. శ్రీనాథుడు ఆ పరిభాషను తీసుకొని ఉద్యోగ ప్రయత్నానికి అంటగట్టాడు. వైరాగ్యం లేనివాడు యతిలా తినవలసి వచ్చింది. నవ్వు అక్కడ పుట్టింది. ఈ పద్యాన్ని కన్నడ దేశపు ఆహార విధానానికి ప్రమాణంగా వాడితే ఆ నవ్వు పోతుంది. పోగా మిగిలే సమాచారం, వెల్లుల్లి తినేవారన్నది, తెలుసుకోవడానికి పద్యం అక్కరలేదు.

పలనాటి జొన్న చాటువు తీరు ఇంకొకటి. జొన్న అన్న మాటను అయిదుసార్లు తిప్పి, సన్నన్నం మాత్రం ఆ సీమ ప్రజలందరికీ సున్న అని తేల్చే పద్యమది. కవి ఉద్దేశించినది విసుగు. ఎటు తిరిగినా ఒకటే ధాన్యమన్న వెక్కిరింపుకు ఆ పునరుక్తి సరిగ్గా సరిపోయింది. అయినా పద్యం కవికి తెలియకుండానే ఇంకొక సాక్ష్యం ఇస్తుంది. కలి, అంబలి, అన్నం, పిసరు అని ఒకే ధాన్యానికి ఇన్ని రూపాలు చేయగలిగిన వంటనేర్పు ఆ సీమలో ఉన్నది. వరి తినేవాడి చెవికి జొన్న, జొన్న అని వినబడినది, జొన్న తినేవాడికి పొద్దుటి పులుపు, మధ్యాహ్నపు ముద్ద, దాహపు చలువ. ఇంకొక చాటువులో పూతన చనుబాలు తాగి దావాగ్ని మింగిన కృష్ణుణ్ణి, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని కవి సవాలు చేస్తాడు. చింతచిగురు మొదటిసారి బజారుకు వచ్చిన వారంలో దాని ధర అడిగినవారికి ఆ సవాలు నేడు వేరే విధంగా వినిపిస్తుంది. కృష్ణుడు ఆ ముద్దను ఆనందంగానే తిని ఉండేవాడేమో.

ఈ చాటువులన్నీ నిశ్చయంగా శ్రీనాథునివే అనలేము. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ప్రకటించిన చాటుపద్య అధ్యయనంలో చూపినట్లు, చాటువు ఒక కవి జీవిత చరిత్ర కంటె ఒక పాఠక సమాజం ఆ కవిని ఊహించుకున్న తీరును ఎక్కువగా చెబుతుంది. అప్పుడు ప్రశ్న మరింత పదునెక్కుతుంది. జొన్నకూటిని చూసి ముఖం చిట్లించే శ్రీనాథుణ్ణి కోరుకున్న సమాజం ఏది? ఆ పద్యాలను కంఠస్థం చేసి నవ్వుకున్నవారు సన్నన్నం తినేవారు, లేదా తింటున్నామని అనిపించుకోవాలనుకున్నవారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియరీ బోర్డ్యూ 1979 నాటి తన గ్రంథంలో, అభిరుచి ఎదుటి వస్తువును వర్గీకరిస్తూనే వర్గీకరించేవాణ్ణి కూడా ఒక వర్గంలో నిలబెడుతుందని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనకు తెలుగులో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. జొన్నను వర్గీకరించిన చాటువు తన శ్రోతలనే వర్గీకరించింది.

ఓరుగల్లుకు తిరిగి వస్తే, పూటకూటి పద్యం పక్కన పెట్టవలసిన రచన చాటువుల కంటె దగ్గరలోనే ఉన్నది. సాహిత్య చరిత్ర ఓరుగల్లు ప్రాంతపు పాలకుర్తి వాడని చెప్పే పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ చెప్పాడు. చెన్నయ్య కరికాల చోళుని గుర్రాలకు గడ్డి కోసే అంత్యజుడు. రహస్యంగా శివుణ్ణి కొలిచి తన అంబలిని ఆయనకు నివేదిస్తాడు. రాజు నిత్యం పెట్టే దివ్యాన్నాన్ని స్వయంగా ఆరగించే శివుడు ఒకనాడు దానిని ముట్టడు. చెన్నయ్య పోసిన అంబలి తృప్తి ముందు రాజు పళ్ళెం నిలవలేదన్నది కారణం. భక్తి మహిమగా, కులఖండనగా ఈ కథను విమర్శకులు చాలా చర్చించారు. ఇది రుచి నిర్ణయపు కథ కూడా అన్నది అంతగా చర్చకు రాలేదు. శివుడు ఇక్కడ రాజు అన్నం అపవిత్రమని అనడు. అంబలిని దయతో సహించాననీ అనడు. దానిని ఇష్టపడ్డాడు. దయ వేరు, ఇష్టం వేరు. పేదవాడి తిండిని దైవం దయతో స్వీకరించిందని చెప్పే కథలు ఏ మతంలోనైనా దొరుకుతాయి. రాజు వంటను పక్కకు నెట్టి ఆ తిండిని ఎంచుకొన్నదని చెప్పే కథ అరుదు. చెన్నయ్య నిజానికి రాజు కులాన్నే కాదు, రాజు వంటశాలను ఓడించాడు.

క్రియల పరీక్ష ఇక్కడా పనికివస్తుంది. పూటకూటి పద్యంలో తినేవాడు లేడు. కన్నడ చాటువులో తినేవాడు ఒక్కడే, వడ్డించే విశ్వస్త పేరులేని నీడ. చెన్నయ్య కథలో పోసేవాడూ తాగేవాడూ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ పేర్లున్నాయి. వెల లేదు. అర్జున్ అప్పాదురై 1981లో దక్షిణ భారత గృహాలలో, ఆలయాలలో ఆహార రాజకీయాన్ని పరిశీలిస్తూ, ఎవరు ఎవరికి ఏ వరుసలో వడ్డిస్తారన్నది అంతస్తుల పోరాటమని చూపాడు. సోమనాథుడు ఆ వరుసను తలకిందులు చేశాడు. మొదటి పంక్తిలో గడ్డికోత వాడు, తరువాత రాజు.

అంబలి ప్రయాణం అక్కడితో ఆగదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు పెట్టే భోజనాల వర్ణన ప్రసిద్ధం. వానకాలంలో కట్టెలు తడిసిపోతే ఎండిన కొబ్బరి చిప్పలతో పొయ్యి రాజేసి, పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి పెడతాడు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబళ్ళు, చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు, నీరుమజ్జిగ పెడతాడు. కృష్ణదేవరాయలు చక్రవర్తి. శ్రీనాథుని చాటువు అవమానంగా తాగించిన అంబలిని, అదే కన్నడ రాజ్య సింహాసనం మీద తరువాతి శతాబ్దంలో కూర్చున్న కవి, వేసవి మర్యాదగా పోయించాడు. పదార్థం దాదాపు అదే. విష్ణుచిత్తుని పద్యాలలో క్రియ పెట్టేవాడిది. అతిథి ఒంటికి ఈ ఎండలో ఏది హితమన్నది అతని ఆలోచన. కొబ్బరి చిప్పల వివరం అక్కడ పాండిత్య ప్రదర్శన కాదు. ముసురులో పొయ్యి మండదని తెలిసినవాడు, అయినా అతిథిని పస్తు పంపనివాడు మాత్రమే చూడగల వివరం. ఈ మూడు విధాల భోజన పద్యాలలో, వంట ఒక శ్రమ అన్న ఎరుక ఉన్నవి ఇవే.

కనుక కాకతీయ ఓరుగల్లు ఆహారమంటూ కప్పురభోగి విస్తరిని మాత్రమే ఉటంకించడం రెండు తప్పులు చేస్తుంది. ఒకటి, రూక చేతిలో ఉన్న బాటసారి విస్తరిని నగరం మొత్తానికి ఆపాదిస్తుంది. మాంసం, కల్లు, గటక, అంబలి తీసుకొనే వాడలను లెక్కలోనుండి తొలగిస్తుంది. రెండవది సాహిత్యపరంగా ఇంకా పెద్ద తప్పు. ఆ పద్యం తాను బజారు పద్యమని దాచుకోలేదు, వెల చెప్పే ముగిసింది. దానిని సంస్కృతి సారాంశంగా మార్చినది తరువాతి పాఠకులు. అంబలిని అమృతంగా మార్చిన సోమనాథుని ద్విపద కూడా ఆహార చరిత్రకు నేరుగా ఆధారం కాదన్న అభ్యంతరం రావచ్చు. అది భక్తి కథ, అందులో శివుని రుచి భక్తుని కోరిక. నిజమే. అయితే పూటకూటి పద్యం నగర కోరిక, జొన్న చాటువు సభాసదుల కోరిక. ఒక కోరికను దస్తావేజుగా, ఇంకొకదానిని కథగా లెక్కించడానికి ప్రమాణం ఏది? చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 2023 తరువాత జొన్న అంబలి హోటలు పట్టికల్లో సంప్రదాయ వంటకంగా వెలతో సహా కనిపిస్తున్నది. ఆ పట్టికను చదివే భావి పరిశోధకుడు నేటి తెలుగువారందరూ అంబలి తాగేవారని రాస్తే ఎంత సరియో, కప్పురభోగి నిర్ణయమూ అంతే సరి.

పూటకూటి పద్యంలో ఇంకొక మౌనం ఉన్నది. ఇంటి యజమాని పేరు చెప్పిన కవి, తెల్లవారుజామున నెయ్యి కాచి, పిండి కలిపి, పప్పు దించిన చేతులు ఎవరివో చెప్పలేదు. శ్రీనాథుని చాటువులో వడ్డించిన విశ్వస్త ఉన్నది గాని ఆమెకు నోరు లేదు. తిండి మీద కవి చేసిన ఫిర్యాదులో ఆమె కూడా ఒక భాగంగా నిలిచింది. తెలుగు సాహిత్యంలో కూడు అమ్ముకొని బతికే వితంతువు తన మాట తాను మాట్లాడటానికి 1892లో తొలిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కం దాకా ఆగవలసి వచ్చింది. సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకుపోయిన గిరీశం కోసం చీపురుకట్ట పట్టుకొని వచ్చిన పూటకూళ్ళమ్మ, రూకకు ఎన్ని నంజుళ్ళు వస్తాయన్న లెక్కను పొయ్యి వైపు నుండి వేయగల మనిషి.